పన్నెండు బారల లెక్క

గుమ్మటం కదల్లేదు.

పదీ నలభైకల్లా ముందు నీళ్ళు తెల్లగా నురగ కక్కాలి, ఆ వెనకే పసుపురంగు ఉక్కుగుమ్మటం సముద్రంలోంచి తల బయటపెట్టాలి. అదీ లెక్క. ఆ క్షణాన వాయించడానికని జాలర్ల పేట నుంచి డప్పులు కూడా పడవెక్కించారు. పదీ యాభై అయింది. నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి. డప్పుల వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని కర్రలు ఒళ్ళో పెట్టుకున్నారు.

నూకరత్నం ఫోను చెవికి నొక్కిపట్టుకుని పడవ అంచున నిలబడింది. ఆ ఫోను తీగ నీళ్ళలోకి దిగి, పన్నెండు బారల అడుగున సముద్రపు నేల మీద కూర్చున్న గుమ్మటంలోకి వెళ్తుంది. అందులో ఇద్దరున్నారు. ఒకరు ఈ వింతనంతా కనిపెట్టిన డాక్టర్ హైమవతి. రెండో మనిషి రత్నం తోడబుట్టిన తమ్ముడు పోలిరాజు.

"అప్పా," అన్నాడు పోలిరాజు. వాళ్ళ వైపు అక్కని అలాగే పిలుస్తారు. "నువ్వు సెప్పినన్నీ ఏసేసినాం. ఎనభై రెండు సబ్బులూ అయిపోనాయి. గేజి ముల్లు రెండు మీదుంది, నీ పట్టికలో రాసినట్టే. ఇది మాత్రం పెళ్ళిలో అలిగిన మాంగారిలాగ కూకుండిపోనాది. లెగట్లేదు."

"ఉండరా, చూస్తాను," అంది రత్నం. గొంతు మామూలుగా ఉండేలా చూసుకుంది.

సబ్బులంటే ఒళ్ళు రుద్దుకునేవి కావు. ఆ పేరు పెట్టింది పేటలోని డైవర్లు. హైమవతిది తెనాలి. పదకొండేళ్ళపాటు ఆవిడ ఒకే ఒక్క పొడి వెంట పడి తిరిగింది. పెళ్ళి మాట ఎత్తిన వాళ్ళకి కూడా ఆ పొడి గురించే చెప్పి పంపేసేదని ప్రతీతి. అచ్చు పోస్తే అది స్నానపు సబ్బంత నల్లటి బిళ్ళ అవుతుంది. దాని ఒంటినిండా కంటికి కనపడని గూళ్ళు. ఆ గూళ్ళలో ప్రాణవాయువు ఒద్దికగా సర్దుకుని కూర్చుంటుంది. పెనం మీద పెట్టి కాలిస్తే బుస్సుమని బయటికొస్తుంది. ఒక బిళ్ళకి సరిగ్గా ఒక మోలు, వెంట్రుకవాసి ఎక్కువా కాదు, తక్కువా కాదు.

ఆరేళ్ళు ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పిన రత్నం ఆ బిళ్ళని మొదటిసారి చేతిలోకి తీసుకున్నప్పుడు దానివంక ఎంతసేపు చూసిందో ఆవిడకే తెలియదు. మోలు అనేది పదార్థాన్ని లెక్కపెట్టే కొలత, నల్లబల్ల మీద రాసి, చెరిపేసి, మళ్ళీ రాసే మాట. కంటికి కనిపించేది కాదు. అలాంటిది అరచేతిలో బరువుగా కూర్చుంది. ఒత్తిడి ఎంతో, చోటు ఎంతో, వేడి ఎంతో తెలిస్తే ఇక గాలిని కొలవక్కర్లేదు, బిళ్ళలు లెక్కపెట్టి వేస్తే చాలు.

"సముద్రం నాకు తెలీదు రత్నంగారూ," అంది హైమవతి ఆ రోజే. "నాకు నీళ్ళంటే కుళాయి నీళ్ళే. గాలి నేను తయారుచేస్తాను. ఎంత వాడాలో మీరు చెప్పండి."

రత్నం మర్నాడే కాలేజీ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసింది. ఎందుకివ్వదు? ఆ తీరంలో డైవర్లు ఇప్పటికీ పళ్ళ మధ్య గొట్టం కరిచిపట్టుకుని దిగుతారు. పడవ మీద కంప్రెసర్ ఆగినా, గొట్టం ఎక్కడైనా నలిగినా మనిషి పోయినట్టే. అలా పోయినవాళ్ళు ప్రతి వీధిలోనూ ఒకరున్నారు. గొట్టం లేకుండా, తాడు లేకుండా సముద్రం అడుగుకి దిగి, పని చూసుకుని, తన గాలితో తనే పైకి తేలే ఇల్లు ఒకటి వస్తుందంటే ఎవరికి ఒళ్ళు పులకరించదు.

గుమ్మటం సంగతి కష్టమేమీ కాదు. పై అరలో మనుషులు. అది గట్టిగా మూసిన ఉక్కుగది, లోపల మామూలు గాలి. కింది అర వెయ్యి లీటర్ల తొట్టి, దాని అడుగు తెరిచే ఉంటుంది. తొట్టి నిండా నీళ్ళుంటే గుమ్మటం మునుగుతుంది. సబ్బులు కాల్చి, ఆ గాలి పంపి నీళ్ళు తోసేస్తే లేస్తుంది. బోర్లించిన బిందెలోకి నీటి కింద గాలి ఊదితే అది పైకి రాదూ, అంతే.

ఆ పట్టిక తయారైంది పోలిరాజు ఇంటి అరుగు మీద. నెల్లాళ్ళ కిందటి మాట. పోలిరాజు పెళ్ళాం గంగమ్మ చేపలు తోముతూ కూర్చుంది. పేటలోని డైవర్లందరూ చుట్టూ చేరారు. రత్నం అట్టముక్క మీద మీటర్లు అని రాయగానే అందరూ పెదవి విరిచారు.

"మీటర్లు గుడ్డల కొట్లో మాట అప్పా," అన్నాడు పోలిరాజు. "మాకు బారల్లో సెప్పు."

బారంటే రెండు చేతులూ బార్లా చాపితే వచ్చే పొడవు, అయిదున్నర అడుగులు. తాతల నాటి నుంచీ వాళ్ళకి సముద్రం లోతు బారల్లోనే తెలుసు. దిగే కొద్దీ చెవుల మీద పడే ఒత్తిడికి కూడా వాళ్ళకో పేరుంది, మోత అంటారు. నీటి మీద మోత సున్నా. ఆరు బారలకి ఒక మోత. పన్నెండుకి రెండు. పద్దెనిమిదికి మూడు. రత్నం లోపల లెక్క వేసి చూసుకుని ముక్కున వేలేసుకుంది. ఆరు బారలంటే ముప్పై మూడు అడుగులు, ముప్పై మూడు అడుగుల సముద్రపు నీరంటే సరిగ్గా ఒక వాతావరణపు ఒత్తిడి. ఏ పుస్తకమూ చదవని వాళ్ళు చెవులతోనే కొలిచి పెట్టారు. తన పేట మీద తనకే ఎంత గర్వం వేసిందో చెప్పలేం. ఆ ఊపులోనే పన్నెండు బారలకి రెండు అని వేసి, సూత్రంలో పెట్టి, ఎనభై రెండు సబ్బులని అట్టముక్క మీద పెద్ద పెద్ద అంకెల్లో రాసేసింది.

"ఇది నిజంగా లెగుద్దా వదినా?" అంది గంగమ్మ, పొలుసుల చేత్తోనే మొహం మీది జుట్టు వెనక్కి తోసుకుంటూ. "ఆడు లోపల కూకుంటాడు మరి."

"లెక్క కట్టింది నేను గంగా. నీకు భయమెందుకు," అంది రత్నం.

ఇప్పుడు పడవ అంచున నిలబడి ఆ లెక్కే మళ్ళీ మళ్ళీ వేస్తోంది. ఎన్నిసార్లు వేసినా ఎనభై రెండే వస్తోంది.

ఈలోగా తూర్పుగాలి ముదిరింది. పొద్దున నూనెలా మెదలకుండా ఉన్న సముద్రం పడవని ఎత్తెత్తి వేస్తోంది. కొక్కెం తాడు పట్టుకుని దిగబోయిన ఇద్దరు డైవర్లు సగంలోనే వెనక్కి వచ్చారు. అడుగున నీరు ఈడ్చేస్తోందట, నిలబడనివ్వడం లేదట. రేవు నుంచి క్రేను ఉన్న ఓడ రావాలంటే రేపు పొద్దున్న ఆరింటికి. గుమ్మటం తలుపు తీసుకుని ఈదుకుంటూ వచ్చేద్దామన్నా కుదరదు, తలుపు మీద అంత నీటి బరువు ఉంది.

లోపల మిగిలినవి ఊపిరి కోసం విడిగా పెట్టిన పద్దెనిమిది సబ్బులు. ఒక సబ్బు ఒక మనిషికి ముప్పావుగంట పైచిలుకు. ఇద్దరికీ కలిపి ఏడు గంటలు. ఆపైన గదిలో ఉన్న గాలితో ఇంకో రెండు గంటలు నెట్టుకురావచ్చు. ఇప్పుడు పదకొండు. రాత్రి ఎనిమిదికి అన్నీ అయిపోతాయి. రత్నం ఆ లెక్కని రెండోసారి వేయలేదు, వేయడానికి ధైర్యం చాలలేదు.

పడవ ఒక్కసారిగా పక్కకి ఒరిగింది. పనిముట్ల పెట్టెలోంచి ఒక గేజి జారి, దొర్లుకుంటూ వచ్చి ఆవిడ కాలికి తగిలింది. అదనంగా ఉంచిన ఒత్తిడి గేజి, దేనికీ తగిలించనిది. రత్నం వంగి దాన్ని తీసింది. ముల్లు సున్నా మీద ఉంది.

సున్నా.

చుట్టూ హోరుమని గాలి. పమిట ఎగిరిపోతోంది. ఇంత గాలిలో ఉన్న గేజి సున్నా చూపిస్తోంది.

ఏటా మొదటి పాఠంలోనే పిల్లలకి చెప్పేది కదా. గేజి చుట్టూ ఉన్న గాలిని వదిలేసి మిగతా ఒత్తిడినే చూపిస్తుంది, సూత్రంలో వేసే ముందు దానికి ఒకటి కలపాలి అని. కలపని పిల్లలకి మార్కులు కోసేసేది కూడా. పేటలో మోత లెక్క నీటి మీద సున్నాతో మొదలవుతుంది. మరి సముద్రం మీద ఉన్న గాలి మాటేమిటి? దాని బరువు ఏ డైవరు చెవికీ తెలియదు, పుట్టినప్పటి నుంచీ దాని కిందే ఉన్నారు గనక. అందుకే తాతలు దాన్ని లెక్కలో వేయలేదు. వాళ్ళ పనికి అది అక్కర్లేదు కూడా. లెక్కలో వేయాల్సింది తను. పన్నెండు బారల అడుగున ఉన్నది రెండు కాదు, మూడు. కావలసినవి నూట ఇరవై రెండు సబ్బులు.

ఫోను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.

"పోలీ. తప్పు నాదిరా. నీటి బరువే వేశాను, నీటి మీద గాలి బరువు వేయడం మరిచిపోయాను. ఇంటర్ పిల్లలు చేసే తప్పు చేశాను."

పోలిరాజు అడిగింది ఒక్కటే.

"ఎన్ని తక్కువ?"

"నలభై."

"నలభై," అన్నాడు పోలిరాజు నెమ్మదిగా. తరవాత గొంతు సవరించుకున్నాడు. "సర్లే అప్పా. ఏడుపు పైకొచ్చినాక ఇద్దరం కలిసి ఏడుద్దాం. ఇప్పుడేటి సెయ్యాలో అది సెప్పు."

ఫోను హైమవతి అందుకుంది. ఆవిడ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది రత్నానికి.

"నేనైనా చూడాల్సిందండీ. సరే. లేవాలంటే తొట్టిలో కనీసం ఎంత గాలి ఉండాలి?"

"ఎనిమిది వందల ఎనభై లీటర్లు."

"ఇప్పుడు?"

"ఆరు వందల డెబ్భై రెండు."

"ఊపిరికి పెట్టుకున్న పద్దెనిమిదీ వేసేస్తే?"

"ఎనిమిది వందల ఇరవై."

అరవై లీటర్లు తక్కువ. నాలుగు బిందెల గాలి.

రత్నం పడవ చెక్క మీద చతికిలపడి, సుద్దముక్క తీసి ఆ చెక్క మీదే సూత్రం రాసింది. ఒత్తిడి పక్కన చోటు, అవతల బిళ్ళలు, ఆ స్థిరాంకం, వేడి. ఒక్కో దాన్నీ వేలితో పొడిచి చూసింది. ఒత్తిడి తన చేతిలో లేదు, సముద్రం చేతిలో ఉంది. బిళ్ళలు అయిపోవచ్చాయి. స్థిరాంకం ఎవడి మాటా వినదు. ఇక మిగిలింది వేడి. వేలు అక్కడ ఆగిపోయింది.

"హైమవతిగారూ, సబ్బులోంచి వచ్చేటప్పుడు గాలి ఎంత వేడి మీద ఉంటుంది?"

"రెండు వందల ఇరవై ఏడు డిగ్రీలు. కెల్విన్లో అయిదొందలు. అయితే చల్లార్చే గొట్టపు చుట్టలోంచి తొట్టికి వెళ్ళేసరికి సముద్రమంత చల్లబడిపోతుంది, మూడొందలకి దిగిపోతుంది."

"చుట్టలోంచి పంపకపోతే? పక్కదారి మీట ఉంది కదా, గొట్టాలు సరిచూసుకోవడానికి పెట్టింది. అది నొక్కితే వేడి గాలి వేడిగానే తొట్టిలోకి పోతుంది. మూడొందల దగ్గర మూడు చెంచాల చోటు పట్టే గాలి అయిదొందల దగ్గర అయిదు చెంచాలు పడుతుంది. పద్దెనిమిది సబ్బులు చల్లగా వెళ్తే నూట నలభై ఎనిమిది లీటర్లు. వేడిగా వెళ్తే రెండు వందల నలభై ఆరు." రత్నం సుద్దముక్క గబగబా పరుగెత్తుతోంది. "మొత్తం తొమ్మిది వందల పద్దెనిమిది. మనకి కావలసినదానికన్నా ముప్పై ఎనిమిది ఎక్కువ."

"కానీ తొట్టిలోకి వెళ్ళగానే చల్లారడం మొదలెడుతుంది రత్నంగారూ. రెండు మూడు నిమిషాల్లో మళ్ళీ ఎనిమిది వందల ఇరవైకి వచ్చేస్తుంది."

"రానివ్వండి. ఆలోగా ఒకటిన్నర బార పైకి లేస్తే చాలు. పైకి వచ్చే కొద్దీ నీటి బరువు తగ్గుతుంది, ఉన్న గాలే ఉబ్బుతుంది. పదిన్నర బారల దగ్గర ఆ ఎనిమిది వందల ఇరవయ్యే ఎనిమిది వందల తొంభై నాలుగు అవుతుంది. అక్కణ్ణుంచి మనం ఆపాలన్నా అది ఆగదు."

హైమవతి ఊపిరి బిగబట్టడం ఫోనులో తెలిసింది. ఆ వెంటనే ఆవిడ నవ్వింది, చిన్నగా, తనకే తెలియకుండా. "ఇది అవుతుందండీ," అంది. "అవుతుంది. ఒక్కటే మాట. రెండు సబ్బులు దాచుకుంటాం. లేవకపోతే ఊపిరికి అవే దిక్కు."

రత్నం కళ్ళు మూసుకుంది. రెండు తగ్గిస్తే ఎనిమిది వందల తొంభై ఒకటి. మిగిలేది పదకొండు లీటర్లు. గొట్టం గోడలు మింగేసే వేడికే అది సరిపోతుంది. దాచుకుంటే లేవదు. దాచుకోకుండా కూడా లేవకపోతే మాత్రం, ఆ ఇద్దరినీ తన మాటే చంపినట్టు. ఒకసారి లెక్క తప్పిన అదే మనిషి ఇప్పుడు మళ్ళీ ఒక అంకె చెప్పాలి, వాళ్ళు దానికి ప్రాణం ఒడ్డాలి.

"దాచద్దు," అంది. "పద్దెనిమిదీ వేయండి."

"అప్ప సెప్పింది కదా, ఏసీండమ్మా," అని వినపడింది పోలిరాజు గొంతు.

అప్పుడు హైమవతి అసలు చిక్కు చెప్పింది. పక్కదారి మీటకి గట్టి స్ప్రింగు ఉంది. చెయ్యి తీస్తే మూసుకుపోతుంది. రెండు నిమిషాలపాటు దాన్ని నొక్కిపట్టుకుని ఉండాలి, దాని లోపలి నుంచి వెళ్ళేది పెనం మీంచి లేచిన గాలి, మీట కూడా పెనంలా కాగిపోతుంది. గుడ్డ చుట్టుకుందామంటే మీట దగ్గర ప్రాణవాయువు కాస్త కాస్త కారుతుంది. ఆ వేడిలో గుడ్డ భగ్గుమంటే గుమ్మటం అంతా కొలిమే.

"నేను పట్టుకుంటాను," అంది హైమవతి.

"మీ సేతుల్తో అవదమ్మా, ఆ స్ప్రింగు సూసినారా," అన్నాడు పోలిరాజు. "మీరు పొయ్యి సూసుకోండి. రెండు నిమిసాలే కదేటి."

"పోలీ," అంది రత్నం.

"నువ్వు లెక్క సూడు అప్పా."

దీపాలు ఆర్పేసి బ్యాటరీ మొత్తం పొయ్యికే ఇచ్చారు. చీకట్లో హైమవతి టార్చి పట్టుకుని తొట్టి అద్దం మీద గీతలు చదవడం మొదలుపెట్టింది. పడవ మీద అందరూ రత్నం చుట్టూ గుమిగూడారు.

"ఏడు వందలు. ఏడు వందల నలభై. ఎనిమిది వందలు."

ఒక్కసారిగా ఫోనులోంచి పోలిరాజు గొంతు లేచింది. అది అరుపు కాదు. వల లాగేటప్పుడు అందరూ కలిసి వేసే కూత వేస్తున్నాడు. హైలెస్స అంటూ, ఆగి, మళ్ళీ హైలెస్స అంటూ. కూత కూతకీ గొంతు ఎగదన్నుకొస్తోంది. చెయ్యి మార్చుకున్నాడని ఆ మధ్యలో తెగిన చోట రత్నానికి తెలిసింది. పడవ మీద పెద్ద డైవరు ఉండబట్టలేక తనూ అందుకున్నాడు. అతని వెనకే అందరూ అందుకున్నారు. కిందా పైనా ఒకే కూత. రత్నానికి కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారిపోతున్నాయి, తుడుచుకునే తీరిక లేదు.

"ఎనిమిది వందల అరవై. డెబ్భై. డెబ్భై అయిదు." హైమవతి గొంతు ఆగింది. "డెబ్భై ఆరు. రత్నంగారూ, ఆగిపోయింది. డెబ్భై ఆరు దగ్గర ఆగిపోయింది."

"సబ్బులు అయిపోయాయా?"

"మూడు ఇంకా సగమే కాలాయి."

"పెనానికేసి నొక్కండి. గరిటె ఉంటే గరిటెతో నొక్కండి."

ఇనుము మీద ఇనుము రాసుకున్న చప్పుడు. పోలిరాజు కూత ఇప్పుడు మూలుగులా ఉంది గానీ ఆగలేదు.

"డెబ్భై తొమ్మిది," అంది హైమవతి. "ఎనభై. ఎనభై రెండు. ఎనభై అయిదు. కదిలింది. కదిలిందండీ, నేల వదిలింది."

"ముల్లు చదవండి. ఇప్పుడు ముల్లే ముఖ్యం."

"రెండు. ఒకటి పాయింట్ తొమ్మిది అయిదు. ఒకటి పాయింట్ తొమ్మిది. తొట్టిలో నీళ్ళు మళ్ళీ పైకి వస్తున్నాయి, చల్లారిపోతోంది. ఒకటి పాయింట్ ఎనిమిది అయిదు. మెల్లగా అయిపోయింది రత్నంగారూ, చాలా మెల్లగా."

"ఇంకొక్క అర బార," అంది రత్నం. ఎవరితో అందో ఆవిడకే తెలియదు, బహుశా సముద్రంతోనే అయి ఉంటుంది.

"ఒకటి పాయింట్ ఎనిమిది. ఒకటి పాయింట్ ఏడు ఎనిమిది." హైమవతి ఆగింది. "ఒకటి పాయింట్ ఏడు అయిదు. ఏడు. ఆరు. నాలుగు. రత్నంగారూ, పరుగెత్తుతోంది."

"పడవ తియ్యండి," అని కేక వేసింది రత్నం. ఇంజను గర్జించింది. పడవ ఇలా తప్పుకుందో లేదో, అది ఉన్న చోట నీళ్ళు పాలు పొంగినట్టు తెల్లగా పొంగాయి. పసుపురంగు గుమ్మటం నడుము దాకా గాలిలోకి ఎగిరి, ధడాలున పడి, నాలుగు వైపులా నీళ్ళు చిమ్మి, నిలబడింది. డప్పులు ఎవరు మొదలుపెట్టారో తెలియదు. మనుషులు ఒకరినొకరు వాటేసుకుని గెంతుతున్నారు. గొట్టం లేకుండా, తాడు లేకుండా, తన గాలితో తనే సముద్రం అడుగు నుంచి ఒక ఇల్లు లేచి వచ్చింది. ఆ తీరంలో ఏ తరమూ చూడని సంగతి అది.

తలుపు తీశారు. ముందు హైమవతి వచ్చింది, మసి కొట్టుకుపోయిన మొహంతో. ఆ వెనక పోలిరాజు, రెండు చేతులూ ఛాతీ ముందు పైకెత్తి పట్టుకుని, తన కాళ్ళ మీద తనే వచ్చాడు. రత్నాన్ని చూసి నవ్వబోయాడు. ఆ అరచేతుల్ని చూసిన వాళ్ళు డప్పులు ఆపేశారు.

ఆసుపత్రిలో మూడు వారాలు ఉన్నాడు. రెండుసార్లు తొడ మీది చర్మం తీసి వేశారు. ఎడమచేతి వేళ్ళు సగం ముడుచుకుంటాయని, కుడిచేతి వేళ్ళు ఇక ముడుచుకోవని చెప్పారు. వలతాడు పట్టుకోలేడు, తెడ్డు పట్టుకోలేడు, నీళ్ళలో కత్తి పట్టుకోలేడు. డైవరుగా అతని పని అయిపోయింది.

బయట వరండాలో విలేకరులు హైమవతి చుట్టూ మూగి సబ్బుల గురించి అడుగుతున్నారు. ఆవిడ ఒక్కొక్కరికీ అదే చెబుతోంది, ఇది ఒక మనిషి చేతులు తీసుకుందని ముందు రాయండి అని. రత్నం లోపల మంచం పక్కన నిలబడింది. గంగమ్మ మొగుడికి గంజి తాగిస్తోంది. గిన్నె కింద పెట్టి, మూతి తుడిచి, అప్పుడు ఆడబిడ్డ వైపు తిరిగింది.

"నువ్వు సెడ్డదానివని నాను అనను వదినా," అంది. "పైన కూకుని అంకె నువ్వు సెప్పినావు. కింద సేతులు ఈడివి కాలినాయి. అంతే నాకు తెలిసింది."

ఆ రోజు తరవాత గంగమ్మ ఆవిడతో మాట్లాడలేదు. వస్తే పీట వేసేది, పళ్ళెంలో అన్నం పెట్టేది. నోరు మాత్రం విప్పేది కాదు. రత్నం నివేదికలో తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరిదో పూర్తిగా రాసి సంతకం పెట్టింది. ఇక అంకెలు తనవల్ల కాదని హైమవతితో చెప్పేసింది. పెన్ను పట్టుకుంటే చాలు, ఆ కూత చెవుల్లో మొదలయ్యేది.

ఆవిణ్ణి మళ్ళీ లెక్క దగ్గర కూర్చోబెట్టింది పోలిరాజే. ఒకనాటి మధ్యాహ్నం ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడ్డాడు.

"సేతులు ఊరికే ఉంటే పిచ్చెక్కిపోతంది అప్పా. ఆ సూత్రం నాకు సెప్పు."

"నీకెందుకురా?"

"నాను దిగలేను. మావోళ్ళు దిగుతారు గదా. ఆళ్ళకి ఎవడో ఒకడు లెక్క కట్టాల. నువ్వు ఒక్కద్దానివే కడితే మళ్ళీ తప్పు పోద్ది. ఇద్దరం ఎవులి లెక్క ఆళ్ళం కడదాం. రెండూ కలిస్తేనే గుమ్మటం దిగాల."

రత్నం లేచి వెళ్ళి పలక తెచ్చింది. పోలిరాజు బలపం వేళ్ళ మధ్య ఇరికించుకుని, మోచేత్తో పలకని అదిమి, కష్టపడి రాసేవాడు. అయిదు నెలలు పట్టింది. ప్రతి లెక్కకీ ముందు నీటి మీద గాలి అని గొణుక్కుంటూ పైన ఒకటి వేసుకునేవాడు. ఒకసారి రత్నం కావాలనే తప్పు లెక్క ఇస్తే పట్టుకుని, ఆవిణ్ణి ఇరవై నిమిషాలు ఆటపట్టించాడు.

రెండో ప్రయోగం పద్దెనిమిది బారలకి. పోలిరాజు లెక్క కట్టాడనేసరికి డైవర్లు నీళ్ళు నమిలారు. పోలిరాజంటే అందరికీ ప్రాణమే గానీ, నిన్నగాక మొన్న పలక పట్టినవాడి అంకెకి ఎవరు దిగుతారు?

"నేను దిగుతాను," అంది రత్నం.

ఆవిడ పుట్టి బుద్ధెరిగాక తల నీటిలో ముంచిన మనిషి కాదు. హైమవతి వద్దని బతిమాలింది. రత్నం వినలేదు. అంకె చెప్పిన వాళ్ళే ఇక మీదట లోపల కూర్చోవాలని, అది రాసిపెట్టాలని పట్టుబట్టింది.

పడవ మీద అందరి ఎదుటా ఇద్దరూ తమ తమ కాగితాలు విప్పారు. రత్నం కాగితంలో నూట అరవై మూడు. పోలిరాజు కాగితంలో వంకరటింకరగా నూట అరవై మూడు. ఊపిరికి ఇంకో నలభై వేసుకుని రత్నం గుమ్మటంలో కూర్చుంది. తలుపు బిగిస్తున్నప్పుడు గంగమ్మ కూడా పడవ మీదే ఉందని చూసింది. మొగుడి వేళ్ళు ఫోనును పట్టుకోలేవు గనక, ఆయన చెవి దగ్గర పట్టుకోవడానికి వచ్చింది.

అడుగు చేరేసరికి కిటికీ అద్దం అవతల నీరు ముదురాకుపచ్చగా ఉంది. రత్నానికి గోడలు మీదికి వస్తున్నట్టే ఉంది. పోలిరాజు ఇక్కడే, ఇదే పీట మీద కూర్చున్నాడని తలుచుకుని, సబ్బులు ఒక్కొక్కటే పొయ్యిలోకి తోసింది. ముల్లు మూడు చూపించింది, నాలుగు అని రాసుకుంది. నూట అరవై మూడోది కూడా కాలిపోయింది.

ఏమీ జరగలేదు.

ఒక నిమిషం గడిచింది. రత్నం ఫోను రెండు చేతులా పట్టుకుంది.

"పోలీ, ఇది కదలట్లేదు."

"లెక్క కరెట్టే అప్పా. సుట్టలో ఉన్న గాలి తొట్టిలోకి రానీ. కూకో."

కూర్చుంది. అంకె చెప్పిన వాణ్ణి నమ్మి కూర్చోవడం ఎలా ఉంటుందో రత్నానికి అప్పుడు తెలిసింది. కాళ్ళ కింద ఇనుము ఒకసారి మూలిగింది. అద్దం అవతల ఇసక మెల్లగా కిందికి దిగిపోవడం మొదలుపెట్టింది. దిగుతున్నది ఇసక కాదు, లేస్తున్నది తను.

ఫోనులో తమ్ముడి కేక వినిపించింది. ఆ వెనక ఏదో గలాటా, ఎవరో ఫోనుని తన చెవికి తిప్పుకున్న చప్పుడు. ఆ తరవాత ఊపిరి, ఆడమనిషి ఊపిరి.

"వదినా," అంది గంగమ్మ. ఆరు నెలల తరవాత. "ఏ బార దగ్గరున్నావో సెప్పుకుంటా రా. నేకపోతే నా గుండె ఆగిపోద్ది."

రత్నం ముల్లు వైపు చూసి చెప్పడం మొదలుపెట్టింది.

"పదిహేడు, గంగా. పదహారు."